ఆది ఫోటో

మార్కెట్టు సెంటర్లోని గడియార స్తంభం తెల్లారేసరికి ఫోటోలోకి వెళ్లిపోయిందని ఎదురింటి మాణిక్యమ్మ వచ్చి చెప్పేటప్పటికి, హైమ కుట్టుమిషను కింద రాలిన గుడ్డపీలికలు ఊడ్చి చేటలోకి ఎత్తుతోంది.

"ఎవరు తీశారంట పిన్నిగారూ?" అంది చీపురు ఆపకుండా.

"పళ్ల డాక్టరు. పోయిన వారం వాన వెలిశాక తీశాడంట. కింద నీళ్ల మడుగులో స్తంభం తలకిందులుగా పడిందంట. అంత బాగా పడ్డాక ఇంక అదెందుకు నిలబడుద్ది?"

"నిలబడదులెండి," అని ఒప్పుకుంది హైమ.

కిటికీ పక్కన మిషను ముందు కూర్చున్న అక్క నాగమణి తల ఎత్తలేదు. "ఆ డాక్టరు చెయ్యి మంచిదే. నా పన్ను కూడా నొప్పి తెలీకుండా తీశాడు," అని, జాకెట్టు చేతిని మళ్లీ సూది కిందికి తోసింది.

ఆ ఊళ్లో ఫోటో కుదిరితే అందులో ఉన్నది ఉన్నచోట ఉండదు. కుదరకపోతే ఉంటుంది. నియమం ఇంతే. ఫోటోలు తీసేవాళ్లు ఇంటికొకరు ఉన్నా, తీసినవాటిలో చాలావరకు కుదరనివే గనక ఊరు చాలావరకు అలాగే ఉంది. పెళ్లిళ్లలో తీసే ఫోటోల వల్ల ఇంతవరకు ఒక్క పెళ్లికూతురు కూడా కదల్లేదు. సెల్‌ఫోనులో తన ఫోటో తానే తీసుకునేవాళ్లకు ఏ ప్రమాదమూ లేదని అనుభవం మీద తేలింది.

ఏది కుదిరిందో ఏది కుదరలేదో తేల్చడానికి కార్పొరేషన్ ఆఫీసులో జనన మరణాల గది పక్కనే చిత్ర విభాగం ఉంది. అందులో పనిచేసేవాళ్లంతా ఒకప్పుడు ఆక్రమణలు తొలగించే విభాగంలో ఉండేవాళ్లు. అప్పట్లో వాళ్ల ఉద్యోగం కష్టంగా ఉండేది. బుల్డోజరు తీసుకువెళ్తే జనం దానికి అడ్డంగా పడుకునేవాళ్లు. ఇప్పుడు కెమెరా వస్తే తల దువ్వుకుని నిలబడుతున్నారు. కోర్టులు లేవు, పోలీసులు లేరు, దుమ్ము లేదు. కెమెరా ఉన్నవాళ్లు సోమవారం నాడు అందులోని మెమరీ కార్డు తీసుకెళ్లి విభాగంలో ఇవ్వాలి. వాళ్లు చూసి, కుదిరినవాటిని పక్కకు తీస్తారు. అలా తీసిన ఫోటోలో ఏది ఉంటే అది ఆ పై ఆదివారం పొద్దున వెళ్తుంది. ఆదివారమైతే రోడ్ల మీద రద్దీ ఉండదని అలా పెట్టారు. వెళ్లాక మిగిలిన ఖాళీ చుట్టూ రేకులు కట్టి, 'ఈ స్థలం ప్రస్తుతం చిత్రంలో ఉన్నది' అని బోర్డు పెడతారు. కొన్నాళ్లకు ఆ రేకుల వెనక నుంచి షాపింగ్ కాంప్లెక్సు ఒకటి లేస్తుంది. దాని కింది అంతస్తులో, లిఫ్టు పక్కన, పాత ఫోటోను పెద్దది చేయించి తగిలిస్తారు. జనం దాని ముందు నిలబడి ఎంత బాగుండేదో అనుకుంటారు. లిఫ్టు వచ్చేదాకా అనుకుంటారు.

మనుషులు కూడా వెళ్తారు, తమంతట తామే ఇంట్లోంచి నడిచి. ఇస్త్రీ బండి అప్పన్న వెళ్లాడు. పెద్దాసుపత్రి గేటు ముందు కొబ్బరిబొండాలు కొట్టే ఆమె వెళ్లింది. మనుషుల్ని తీయకూడదని ఎక్కడా లేదు, అడిగి తీయాలని మాత్రం ఉంది. అడిగితే ఎవరూ కాదనరు. తమ దగ్గర ఒకరు ఆగి, తమనే చూస్తూ నిలబడడం వాళ్లకు అలవాటు లేని సంగతి. అలాగని ఎవరినీ బలవంతంగా పంపరు. ఉండదలిస్తే ఉండవచ్చునని నియమాల్లో స్పష్టంగా రాసి ఉంది. ఇంతవరకు ఎవరూ ఉండలేదు. ఒకసారి అంత బాగా కనబడ్డాక మళ్లీ మామూలుగా ఉండడం కష్టమని విభాగం వాళ్లు చెబుతారు. ఇంటివాళ్లకు ఫ్రేము కట్టిన కాపీ ఒకటి ఉచితంగా ఇస్తారు. రేషన్ కార్డులో పేరు తీసేయరు, బియ్యం మాత్రం ఇవ్వరు.

హైమ పల్లెటూరి బడిలో చదువుకుంది. అమ్మ పోయాక నాగమణి ఆమెను వెంటబెట్టుకుని ఈ ఊరు వచ్చి, ఈ ఒంటిగది వాటాలో మిషను పెట్టుకుంది. నాగమణికి సంబంధాలు వచ్చిన రోజుల్లో చూసేవాళ్లు లేకపోయారు, తర్వాత సంబంధాలే లేకపోయాయి. ఆమె కుట్టిన జాకెట్లు వేసుకుని ఆ పేటలో చాలామంది పెళ్లికూతుళ్లయ్యారు. హైమ కొరియర్ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని అడ్రసులు కొడుతుంది. రోజంతా ఇతరుల పేర్లు కొట్టేచోట తన పేరు అడిగేవాళ్లు ఎవరూ లేరు. మూతపడ్డ స్టూడియో ఆయన భార్యకు జాకెట్లు కుట్టిపెట్టి, ఆయన వాడిన పాత కెమెరాను నాగమణి చెల్లెలికి సంపాదించి పెట్టింది. అప్పటినుంచి హైమ ఆదివారాలు ఫోటోలు తీస్తూ తిరిగే నడక సంఘంలో చేరి, అందరికంటే వెనకగా నడుస్తోంది.

ఆ సంఘంలో ఎవరు దేన్ని ఫోటోలోకి పంపిస్తే దాన్ని బట్టి వాళ్లకు పేరు. అధ్యక్షుడు బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన వంతెన మూర్తిగారు. కాలవ మీది ఇనప వంతెనను ఆయనే పంపారు. ఇప్పుడు అవతలి గట్టుకు వెళ్లాలంటే ఆటోలో చుట్టూ తిరిగి వెళ్లాలి, ఆయనా అలాగే వెళ్తారు. సినిమాహాలు సుబ్బరాజు గారు, పూలకొట్టు ప్రమీల గారు ఆయన తర్వాతి వాళ్లు. హైమకు అలాంటి పేరు లేదు. ఆమె తీసినవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వెలుతురు కోసం ఎంతసేపైనా ఓపిగ్గా నిలబడేది. గీత గీసినట్టు తీసేది. మూర్తిగారు చూసి, "అన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా, అందుకే ఏదీ కదల్లేదు," అనేవారు. సుబ్బరాజు గారు అంత మెత్తగా చెప్పే మనిషి కాదు. "హైమమ్మ తిరిగినన్నాళ్లూ ఈ ఊరికి దిగుల్లేదండీ. ఈ అమ్మాయి తీస్తే చెత్తకుండీ కూడా పక్కకి జరగదు," అనేవారు. అందరూ నవ్వేవాళ్లు. హైమ కూడా నవ్వేది.

తనకు కూడా ఒక్కసారి కుదరాలని హైమకు ఉండేది. ఖాళీల పక్క నుంచి ఆఫీసుకు నడిచి వెళ్లేటప్పుడు ఆ రేకులను చూడలేక రోడ్డుకు అవతలి పక్కకు మారేది, అయినా ఆ కోరిక ఉండేది. తను తీయకపోతే ఇంకొకరు తీస్తారు, పోయేది ఎలాగూ పోతుంది, తన చేతిలో పోతే ఏం అని అనుకునేది. సంఘంలో అందరూ అలాగే అనుకునేవాళ్లు.

ఆ ఆదివారం చేట బుట్టలో దులిపి, చేతులు కడుక్కుని, మేకుకు తగిలించిన కెమెరా తీసి, ఎప్పటిలాగే అక్క వైపు తిప్పి ఒకటి నొక్కింది.

దీన్ని ఆ ఇంట్లో ఆది అంటారు. కొత్త జాకెట్టు కుట్టించుకునేవాళ్లు ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు ఒకటి తెచ్చి కొలతకు ఇస్తారు. ఆ పాతదాన్ని ఆది అంటారు. కొలత తీసుకున్నాక దాన్నెవరూ పట్టించుకోరు, చాలామంది తిరిగి తీసుకెళ్లడం కూడా మరిచిపోతారు. అటక మీద అలాంటివి ఒక మూటెడు ఉన్నాయి. హైమ కూడా బయటికి వెళ్లేముందు వెలుతురు ఎంత ఉందో చూసుకోవడానికి కిటికీ దగ్గరున్న అక్క మీద ఒకటి కొట్టేది. అంకెలు సరిచూసుకునేది. ఫోటో వైపు చూసేది కాదు. సాయంత్రం ఇంటికొచ్చాక చెరిపేసేది.

"అయిందా నీ ఆది?" అంది నాగమణి దారం తెంపుతూ.

"అయింది. అన్నం వార్చి పెట్టాను, తిను."

"నువ్వు పెందరాళే రా. ఆ కాంట్రాక్టరు గారింటి పెళ్లి జాకెట్లకి హుక్కులు కుట్టాలి."

సంఘం ఆ రోజు కాలవ లాకుల దగ్గరికి నడిచింది. హైమ లాకుల తలుపులు తీసింది. పక్కనే ఉన్న పాత బస్టాండు తీసింది, దాని గోడ మీద ఆరేసిన లుంగీలు తీసింది. ఎండ వాలేదాకా కదలకుండా నిలబడి తీసింది. ఈసారి లాకులు వెళ్తాయని ఆమెకు నమ్మకంగా ఉంది. ఇంటికి రాగానే నాగమణి జాకెట్లు ముందు పడేసింది. ఇద్దరూ గోడకు ఆనుకుని హుక్కులు కుడుతూ కూర్చున్నారు. పెళ్లికూతురు మేనత్తకు చేతులు బిగువయ్యాయని తెచ్చి ఇచ్చిన జాకెట్టు గురించి నాగమణి చెబుతుంటే హైమ నవ్వి నవ్వి సూది గుచ్చుకుంది. ఆ నవ్వులో కార్డు సంగతి మరిచిపోయింది. మర్నాడు ఆఫీసుకు పోతూ పోతూ దాన్ని అలాగే విభాగంలో ఇచ్చేసింది.

గురువారం సాయంత్రం చిత్ర విభాగం జోగారావు ఇంటికి వచ్చాడు. చంకలో కాగితంలో చుట్టిన ఫ్రేము ఒకటి ఉంది.

"హైమావతి ఎవరమ్మా? మీ ఫోటో ఒకటి కుదిరింది," అన్నాడు గుమ్మం బయటే చెప్పులు విడుస్తూ.

హైమ చేతిలో పని వదిలేసి గుమ్మం దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్లూ ఇతరుల గురించి విన్న మాట అది. "లాకులా అండీ?" అంది. "బస్టాండా?"

"అవి బానే ఉన్నాయి, ఎక్కడికీ పోవు," అని జోగారావు జేబులోంచి చీటీ తీసి చదివాడు. "కుట్టుమిషను మీదికి వంగి పళ్లతో దారం తెంపుతున్న స్త్రీ. కిటికీ. సగం గోడ." చదివి తల ఎత్తి, మిషను మీదికి వంగి పళ్లతో దారం తెంపుతున్న నాగమణిని చూశాడు. "ఈవిడేగా?"

హైమ అక్కకు అడ్డంగా వచ్చి నిలబడింది. "అది ఫోటో కాదండీ. ఆది," అంది.

"అంటే?"

"వెలుతురు చూసుకోడానికి కొట్టింది. చెరిపేసేదాన్ని, మరిచిపోయాను. అసలు నేను దాన్ని చూడను కూడా చూడలేదండీ."

"చూడకుండా తీస్తేనే ఇంత బాగా వచ్చిందంటే మీ చెయ్యి అలాంటిదన్నమాట," అని జోగారావు మెచ్చుకున్నాడు. అతనికి ఆమెను బాధపెట్టే ఉద్దేశం లేదు. ఆక్రమణల విభాగంలో ఉన్నప్పుడు కూడా తిట్టకుండా పని చేసేవాడని అతనికి పేరుంది.

"మా అక్కని అడగలేదండీ. అడిగి తీయాలని రూలు ఉంది గదా."

"అడగలేదని అభ్యంతరం ఆవిడ చెప్పాలమ్మా, మీరు కాదు. ఏమ్మా, మీకేమన్నా అభ్యంతరమా?"

"ముందు ఈ చేతులు ఎక్కించనివ్వండి," అంది నాగమణి. మిషను మళ్లీ కదిలింది.

జోగారావు అది అభ్యంతరం కాదని రాసుకున్నాడు. ఎంత ఖాళీ వస్తుందో కొలవాలి గానీ అతని టేపు ఆఫీసులో ఉండిపోయింది. నాగమణి తన మెడలో ఉన్నది తీసి ఇచ్చింది. అతను మిషను, దాని ముందు బల్ల, బల్ల మీది మనిషి పట్టే చోటు అంతా కొలుచుకుని టేపు మర్యాదగా మడిచి తిరిగి ఇచ్చాడు. "ఆదివారం పొద్దున మీరు గడప దాటాక మిషనూ బల్లా మీ వెనకే పోతాయి, కిటికీ గోడా ఇంటాయనవి గనక ఉంటాయి. ఫోటోలో ఉన్న చీరే కట్టుకోవాలి, మరిచిపోకండి," అన్నాడు. చెప్పులు వేసుకుంటూ హైమతో, "ఈ చోట్లో ఏం పెట్టుకుంటారో ఇప్పుడే ఆలోచించుకోండి. మా వీధిలో ఒకాయన వాళ్లమ్మ వెళ్లాక ఫ్రిజ్ పెట్టుకున్నాడు. బాగానే పట్టింది," అని సలహా చెప్పి వెళ్లాడు.

నాగమణి ఫ్రేము మీద కాగితం విప్పలేదు. గోడ వైపు తిప్పి ఆనించింది. "ఆర్డర్లు అయ్యాక చూస్తాలే," అంది.

ఫోటో కుదరలేదని వాదించుకోవడానికి కూడా ఒక ఏర్పాటు ఉంది. వాదన వినేది నిపుణుల సంఘం. నిపుణులంటే వంతెన మూర్తిగారు, సుబ్బరాజు గారు, ప్రమీల గారే. శుక్రవారం ఆఫీసుకు సెలవు పెట్టి హైమ వాళ్ల ముందు కూర్చుంది. వాళ్లు ఫోటోను గోడ మీద పెద్దదిగా వేసుకుని చూస్తున్నారు. హైమ ఆ గోడ వైపు చూడకుండా తను రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న తప్పులు చెప్పింది.

"గోడ పక్కకి ఒరిగిందండీ."

"ఒరిగింది," అన్నారు మూర్తిగారు. "ఆవిడతో పాటు ఒరిగింది."

"కుడిచెయ్యి సగానికి తెగిపోయిందండీ. మీరే చెప్పారు చేతులు తెగ్గొట్టకూడదని."

"చెప్పాను. నేను చెప్పిన సంగతులేవీ ఇందులో లేవు. అదే చూస్తున్నాను ఇందాకట్నించీ."

"కిటికీ వైపంతా తెల్లగా మాడిపోయిందండీ. అక్క మొహం సగం కనపడట్లేదు."

ప్రమీల గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ కనపడని సగం ఎట్లా ఉంటుందో నాకు తెలుసమ్మా. మా అమ్మ అట్లాగే ఉండేది," అన్నారు.

ఎప్పుడూ నవ్వించే సుబ్బరాజు గారు నవ్వించలేదు. లేచి వచ్చి హైమ కుర్చీ పక్కన నిలబడ్డారు. "నిన్ను చెత్తకుండీ అనీ అదనీ అన్నాను. మనసులో పెట్టుకోకు. నేను హాలు తీశాను గానీ నాకు హాలంటే ఏం ప్రేమ లేదు. ఇది అట్లా తీసింది కాదు."

"కుదర్లేదని రాయండి సార్. మీకు పుణ్యం ఉంటుంది."

"ఇంత మంచిదాన్ని చెడ్డదని ఎట్లా రాసివ్వమంటావు చెప్పు," అన్నారు మూర్తిగారు నిజంగానే ఇబ్బంది పడుతూ. "అట్లా రాస్తే రేపు మంచిచెడ్డలకు విలువేముంటుంది? ఒక పని చెయ్యి. బదులు అని ఒక సౌకర్యం ఉంది. రేపు సాయంత్రం లోపల ఇంకొకటి కుదిరేట్టు తీసుకురా. అది వెళ్తుంది, ఆవిడ ఉంటుంది." హైమ లేస్తుంటే ఆయన కూడా లేచి నిలబడ్డారు. ఆమె వెళ్తుంటే ఆ సంఘంలో ఎవరైనా లేచి నిలబడడం అదే మొదటిసారి. "వస్తూ ఉండు, మిషను హైమా," అన్నారు ఆప్యాయంగా.

శనివారం హైమ కెమెరా పట్టుకుని ఊరంతా తిరిగింది. ఏదో ఒకటి వెళ్తే చాలనుకుంది. పోస్టాఫీసు ముందు ఎర్ర డబ్బాను తీసింది. మసీదు పక్క వీధిలో గడియారాలు బాగుచేసే కొట్టు తీసింది. తను రోజూ ఎక్కే బస్సు తీసింది. తన కొరియర్ ఆఫీసును, బయటి నుంచి, లోపల పనిచేసేవాళ్లతో సహా తీసింది. ప్రతిదాన్నీ వెళ్లిపో వెళ్లిపో అని బతిమాలుకుంటూ తీసింది. అన్నీ గీత గీసినట్టు వచ్చాయి. ఒక్కటి కూడా కదిలేట్టు లేదు.

రైలు స్టేషను మూడో నంబరు ప్లాట్‌ఫారం గేటు దగ్గర వేరుశెనక్కాయల బండి ముసలాయన కనిపించాడు. హైమ కొంతదూరం ముందుకు పోయి, వెనక్కి వచ్చింది.

"ఒక ఫోటో తీసుకోనా తాతా?"

"తియ్యమ్మా తియ్యి," అన్నాడు ముసలాయన. బండి కింద నుంచి దువ్వెన తీసి, ఉన్న నాలుగు వెంట్రుకలు దువ్వుకున్నాడు. "ఆ ఇస్త్రీ అప్పన్నగాణ్ణి పెద్ద ఫోటో తీసి తీసుకుపోయారు. నా పక్కనే ఉండేవోడు. వాడి మొహం నీకు తెలుసుగా. నన్నింతవరకు ఒక్కడూ అడగలా."

హైమ కెమెరా కంటికి పెట్టుకుంది. ముసలాయన ముందు కొంచెం నవ్వి, తర్వాత నవ్వు ఆపి, తర్వాత ఎలా ఉండాలో తెలియక ఊరికే ఉన్నాడు. ఆయన కంటి కింద కాలిన మచ్చ ఉంది. ఆయనకు ఇంట్లో ఎవరున్నారో, ఈ సాయంత్రం ఎవరు ఎదురుచూస్తారో అడగాలనిపించింది. అడిగితే నొక్కలేనని అడగకుండా నొక్కింది.

కుదరలేదు. చూడకుండానే తెలిసిపోయింది. ఆమెకు గుండెల మీద బరువు దిగినట్టయింది. వెంటనే అక్క గుర్తొచ్చి ఆ బరువు మళ్లీ ఎక్కింది.

"ఎట్టా వచ్చానమ్మా?"

"బాగానే వచ్చావు తాతా."

"బాగానే అంటే ఇక్కడే ఉంటానన్నమాట," అని ముసలాయన దువ్వెన లోపల పెట్టేసి, కాగితం చుట్టి ఇన్ని కాయలు పోసి ఇచ్చాడు. "తిను. మొహం వాడిపోయింది."

ఇంటికి వచ్చేసరికి నాగమణి ఆఖరి జాకెట్టుకు ఇస్త్రీ చేస్తోంది. కుట్టినవన్నీ పేర్లు చెప్పి మాణిక్యమ్మకు అప్పగించింది. మిషనుకు నూనె వేసి, మూత పెట్టి, చేతులు తుడుచుకుంది. అప్పుడు ఫ్రేము తీసుకుని కిటికీ దగ్గర వెలుగులో కూర్చుని కాగితం విప్పింది.

చాలాసేపు చూసింది. కస్టమరు జాకెట్టులో ఎక్కడ తేడా వచ్చిందో వెతికేటప్పుడు చూసినట్టు, దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది.

"నా మెడ ఇంత వంగుద్దా?" అంది.

హైమ పక్కన కూర్చుంది. ఆమె కూడా అప్పుడే మొదటిసారి ఆ ఫోటో చూడడం. అక్క మెడ వెనక ఎముక కనబడుతోంది. చెవి దగ్గర వెంట్రుకలు తెల్లబడి ఉన్నాయి. ఎప్పుడు తెల్లబడ్డాయో హైమకు తెలియదు.

"దారం తెంపేటప్పుడు కళ్లు మూసుకుంటానని నాకే తెలీదు చూడు," అని నాగమణి వేలితో అద్దం మీద తన కళ్లను తాకింది. "ఎప్పట్నించి చూస్తున్నావే నన్నిట్టా?"

హైమ అబద్ధం చెబుదామనుకుంది. నోటిదాకా వచ్చింది.

"నేను చూడలేదక్కా. వెలుతురు చూశాను."

నాగమణి పైట చెంగుతో అద్దం మీది వేలిముద్ర తుడిచింది. "సర్లే," అంది. "ఎవరో ఒకళ్లు చూశారుగా. ఆ ఆఫీసులో వాళ్లయినా."

"ఉండిపో అక్కా. బలవంతం లేదంట. రూల్సులో రాసి ఉందంట. ఇప్పట్నించి నేను చూస్తాను. రోజూ చూస్తాను."

"పిచ్చిదానా," అని నాగమణి చెల్లెలి తల నిమిరింది. "రేపట్నించి నేను ఆ మిషను దగ్గర కూర్చుంటే, ఈ ఫోటోలో మాదిరి ఉన్నానా లేదా అని నన్ను నేనే చూసుకుంటా కూర్చోవాలి. నువ్వు కూడా అదే చూస్తావు. ఆ ధ్యాసలో సూదిలోకి దారం కూడా పోదు. ఇన్నాళ్లూ ఎట్టున్నానో తెలీకుండా ఉన్నాను కాబట్టి కుట్టాను."

"నాకు ఈ ఫోటో వద్దు."

"వద్దంటే ఎట్టా. అంత కష్టపడి నేర్చుకుంది ఎందుకు మరి?" ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆమె నిజంగానే చెల్లెలికి కుదిరినందుకు సంతోషపడుతోందని హైమకు అర్థమైంది. ముసలాయన ఇచ్చిన పొట్లం విప్పి మధ్యలో పెట్టింది. వేరుశెనక్కాయలు ఇద్దరూ వలుచుకు తిన్నారు. నాగమణి బియ్యం డబ్బా ఎక్కడుందో, ఇంటాయన ఎప్పుడొస్తాడో, పాలాయనతో ఎలా మాట్లాడాలో చెప్పింది. ఇవన్నీ హైమకు తెలుసు, అయినా విన్నది.

ఆదివారం పొద్దున నాగమణి స్నానం చేసి, ఉతికి ఆరేసిన ఫోటోలోని చీర కట్టుకుంది. పసుపు రంగు వెలిసిన నేత చీర, ఇంట్లో కట్టుకునేది. టీ పెట్టి చెల్లెలికి ఇచ్చి, తను కూడా తాగి, రెండు గ్లాసులూ కడిగి బోర్లించింది. బయట పేటలోవాళ్లు కొందరు ఎవరి గుమ్మాల్లో వాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరైనా వెళ్లేటప్పుడు అలా నిలబడడం మర్యాద. "ఫోటో చాలా బాగా వచ్చిందంటగా," అని మాణిక్యమ్మ పక్కింటామెతో అంటోంది. "వాళ్ల చెల్లెలే తీసిందంట. ఇంట్లో మనిషి తీస్తే ఆ తీరే వేరు."

నాగమణి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి వంగింది. వీధిలోంచి వచ్చిన ఎండ ఆమె వీపు మీద, మెడ మీద, గోడకు ఆనించిన చేతి మీద పడింది. వెలుతురు బాగుందని హైమకు అనిపించింది. ఇంత బాగా ఇంతకుముందెప్పుడూ లేదని కూడా అనిపించింది. ఆమె చెయ్యి తనంతట తాను గోడ మీది మేకు దాకా వెళ్లి, కెమెరా పట్టీని పట్టుకుంది. పట్టుకున్న సంగతి తెలిసి, అక్కడే ఆగిపోయింది.

నాగమణి తల తిప్పి ఆ చేతిని చూసింది. కోపగించుకోలేదు. నిటారుగా నిలబడి, భుజం మీద పైట సర్దుకుని, ముఖం కొంచెం వెలుగు వైపు తిప్పి, తీస్తుందేమోనన్నట్టు ఒక క్షణం ఆగింది.

హైమ పట్టీని వదల్లేదు, తీయనూ లేదు.

నాగమణి గడప దాటి, మెట్లు దిగి, వీధిలోకి వెళ్లిపోయింది.